శిగ పోసిన బాక్సులు

చంద్రపూర్
6 జనవరి 2025, సోమవారం

లస్మవ్వ అత్తకు నీ మేనకోడలు ఉజ్వల రాసేది.

ఓంప్రకాష్ శేఠ్ మీ టమాటలను పారబోసిండు. ఎవరో చెప్పంగ విన్నది కాదు, నా కండ్లతోని చూసిన. నువ్వు పంపిన జొన్నపిండి తీసుకుందామని పొద్దున్నే మండికి పోయిన. మీ ఊరి మాల్ తెచ్చే వినాయక్ బావ బండి అప్పటికే ఖాళీ అయింది, బావ చాయ్ తాగబోయిండు. శేఠ్ అడ్తి దుకాణం ఎనుక గోడ పొంటి మీ బాక్సులు బోర్లేసి ఉన్నయి. మీ ఊరి బాక్సులకు ఎర్రగుడ్డ పేలిక కడ్తరు గద, దాన్ని చూసి గుర్తువట్టిన. గోడ కింద టమాటల కుప్ప. రెండు ఆవులు తింటున్నయి. మూడోది వాసన చూసి పక్కకు జరిగింది.

నాకు నెత్తికెక్కింది అత్తా. నీకు తెలుసు గద నా కోపం. సీదా లోపలికి పోయి అడిగిన, ఇది ఎవరి కష్టమో ఎరుకేనా నీకు అని. గుట్ట మీద బోరు ఎండితే ఊట బావి నుంచి బిందెలతోని నీళ్లు మోసి పెంచిన పంట ఇది అన్న. అడవి పందులకు కాపలా పండి, చలికి వణుక్కుంట ఏరిన కాయలు అన్న. గుట్ట మీద టమాట పండది, పత్తి తప్ప ఏది రాదు అని లోకమంత అంటే, పట్టుబట్టి పండించి చూపిన ఆడోళ్లు వాళ్లు అన్న. ఆయన అంతా విన్నడు. మాల్ మెత్తవడ్డది బిడ్డా, ఎవ్వరు కొంటలేరు అన్నడు. ఆ పైన ఏమన్నడో తెలుసా? చాయ్ తాగుతవా అన్నడు. మనుషుల ఆయుష్షు గోడ కింద పోసి చాయ్ తాగుతవా అంటడా. నేను తాగలేదు.

నాయిన బొగ్గుబాయిల పనిచేసినప్పటి కరపత్రాలు ట్రంకుపెట్టెల ఉన్నయి గద, అవన్నీ చదివిన. ఈ నడుమ రైతుల సభలల్ల పంచేటియి కూడా తెచ్చుకుంటున్న. ఒకదాంట్ల రాసిండ్రు, నేల పాలైన ప్రతి గింజ ఎనుక ఒక మనిషి వంచిన నడుము ఉన్నదని. ఈ దేశంల చేనుకు కంచానికి నడుమ ఎంత తిండి పాడైతుందో నాకు లెక్క తెల్వదు. గని ఆ నడుమ కుర్చీ ఏసుకొని కూసున్నదెవ్వరో ఇయ్యాల తెలిసింది.

వచ్చే సోమవారం నేను, నా దోస్తు స్నేహలత కలిసి శేఠ్ దుకాణాన్ని ఘెరావ్ చేస్తం. నువ్వు ఫికర్ చెయ్యకు.

మీ ఊర్ల టవర్ లేదు, బావతోని చెప్పి పంపుదామంటే సగం మాట తొవ్వలనే మింగుతడు. అందుకే రాస్తున్న. నా అక్షరాలు చూసి నవ్వకు. మరాఠీ బడిల చదివినదాన్ని, తెలుగుకు నాకు కరపత్రాలే పలక, బలపం.

పిండి మంచిగున్నది. రొట్టెలు మాత్రం నా చేతిల విరుగుతున్నయి.

నీ కోడలు
ఉజ్వల


జివతి గుట్టల మీదికెల్లి
12 జనవరి 2025, ఆదివారం

కోడలు పిల్ల ఉజ్వలకు మేనత్త లస్మవ్వ దీవించి రాయునది.

ఈడ అందరం మంచిగున్నం. మీ నాయిన మోకాలి నొప్పికి వావిలాకు పంపుతున్న, ఉడికించి కాపు పెట్టుమను. నీ ఉత్తరం చదివిన. నీ అక్షరాలు పందిరి గుంజల లెక్క ఒకటి ఇటు వంగి, ఒకటి అటు వంగి ఉన్నయి గని పందిరైతే నిలవడ్డది. మా అన్నకు కొడుకు లేడన్న బాధ ఉండె నాకు. ఇప్పుడు లేదు. మా నాయిన రాజలింగు కోపం ఉన్నదున్నట్టు నీకే వచ్చింది. ఆయన గూడ గిట్లనే, ముందు నోరు తెరిచి తర్వాత చెప్పులు తొడుక్కునేటోడు.

గని బిడ్డా, శేఠ్ మీద అట్ల అరవకు. గుట్ట మీది మాల్ తీసుకునెటోడు చంద్రపూర్ల ఆయన ఒక్కడే. మునుపు ఎంతమందిని బతిలాడినం, తొవ్వ పేరు చెప్తేనే చేతులు జోడించిన్రు. ఆ తొవ్వ సంగతి నీకు తెల్వదా? ఈ ఊరు మాదంటే మాదని అటు మరాఠీ సర్కారు, ఇటు తెలుగు సర్కారు రెండూ అంటయి. రెండు బడులున్నయి, ఒక్కొక్క ఇంట్ల రెండు రేషన్ కార్డులున్నయి. ఓట్లప్పుడు రెండు దిక్కుల జీపులు వస్తయి. తొవ్వల గుంతలు మాత్రం ఎవ్వరియి కావు. శేఠ్ తీసుకోనంటే మా టమాట ఎవ్వరికి చూపాలె? మళ్ల పత్తే పెట్టుకోవాలె. పత్తి కూర వండుకుంటమా?

నీ ఉత్తరం బాలమ్మకు చదివి వినిపిచ్చిన. మా వాడకట్టు ఆడోళ్లల్ల ఆమెనే పెద్ద, మొదలు టమాట నారు పోసింది గూడ ఆమెనే. "గుట్ట మాల్ పాడు మాల్" అనిపిచ్చుకోవలసొచ్చిందని ఆమెకు మస్తు కోపమొచ్చింది. రాత్రి అందరం కూసొని ఒక మాట అనుకున్నం. శేఠ్‌ను ఇగ నోరెత్తనియ్యొద్దు. ఇన్ని రోజులు బాక్సు అంచు దాటి నాలుగు వేళ్ల ఎత్తు శిగ పోసి పంపినం, ఈసారి జానెడు శిగ పోసినం. మీద గోనె కప్పి, మోకాలుతోని ఒత్తి, తాడు బిగిచ్చినం. కొన్ని పాడైనా బాక్సు బాక్సుకు ఇంత ఎక్కువ పోతుంటే ఇంకేమంటడు? ఇచ్చే చెయ్యి పెద్దగుంటే తీసుకునెటోని నోరు చిన్నగైతది.

రొట్టె విరుగుతుందంటే నీళ్లు చల్లగ పోస్తున్నవన్నట్టు. మసిలే నీళ్లు పొయ్యి. నా కొడుకు వినాయక్ నీకు మొఖం చూపెట్టకుంట చాయ్ తాగబోతుండంటే వానికి నీ నోరంటే భయం. రేపు నిన్ను పెండ్లి చేసుకుంటే ఏమైతడో అని బాలమ్మ నవ్వుతుంది.

నీ అత్త
లస్మవ్వ


చంద్రపూర్
13 జనవరి 2025, సోమవారం

అత్తా,

ఇయ్యాల మండిల జరిగింది రాస్తున్న. నడుమల చింపకుంట ఆఖరి దాంక చదువు.

తెల్లారకముందే నేను, స్నేహలత శేఠ్ దుకాణం ముంగట కూసున్నం. అట్టల మీద మరాఠీల, తెలుగుల రాసుకుపోయినం. తెలుగు అట్ట నేను పట్టుకున్న. హమాలీలు చుట్టు మూగిన్రు. నేను మాట్లాడిన. బాగనే మాట్లాడిన అత్తా, పోశం అనే హమాలీ చప్పట్లు గూడ కొట్టిండు. ఆయనొక్కనికే ఆ అట్ట చదువొచ్చిందట. శేఠ్ కుర్చీలకెల్లి కదలకుంట విన్నడు. అంతల బావ బండి వచ్చింది. శేఠ్ లేచి, భుజం మీది తువ్వాల తీసి నాకిచ్చిండు.

"మీవోళ్ల మాలే గద బిడ్డా. నీ చేతులతోనే దించి చూడు."

దించిన. మొదటి బాక్సు ఎత్తంగనే రసం చేతుల పొంటి కారి మోచేతుల దాంక వచ్చింది. కింది బాక్సుల మీరు శిగ పోసిన టమాటలు ఈ బాక్సు అడుగుకు అతుక్కపోయినయి. ఆ అడుగు జాలీ గీతలు కాయల మీద అచ్చు గుద్దినట్టున్నయి. దాని కింద బాక్సుల గూడ గంతే. గుట్ట దిగేదాంక ఒక్కొక్క గుంతకు మీది బాక్సు కింది శిగను రోట్లె ఏసి దంచినట్టు దంచింది. ఆ రసం కిందికి దిగి, మంచి కాయలు గూడ మెత్తవడ్డయి. పోయినసారి కంటే ఈసారి ఎక్కువ పాడైంది. ఎందుకంటే పోయినసారి నాలుగు వేళ్లు, ఈసారి జానెడు.

బాక్సు నడుమ చెయ్యి పెట్టి తీస్తే కొన్ని దెబ్బ తగలనియి దొరికినయి. తుడిచి ఒకటి ఆడనే తిన్న. అసొంటి టమాట ఈ పట్నంల ఏ బండి మీద దొరకది అత్తా. పులుపు, తీపి, ఎనుక నుంచి సన్నగ మట్టి వాసన. స్నేహలత ఇంకోటి అడిగి తిన్నది. దాన్ని తింటుంటే నాకు ఇంక కోపమొచ్చింది. ఎవరి మీదనో తెలుసా? నీ మీద, బాలమ్మ మీద.

పారబోసింది శేఠ్ కాదు. మీరే మీ చేతులతోని, మీ ఇంటి కాడనే పారబోస్తున్నరు. తొవ్వల నలిగిందాన్ని ఆయన గోడ కింద పోస్తుండు, గంతే. బాక్సు లెక్కన కొనెటోనికి శిగ పోసి ఏం సాధిస్తున్నరు? గొప్ప చూపిచ్చుకోవాలంటే పెండ్లిళ్లల్ల చూపిచ్చుకోండి, బాక్సుల మీద కాదు. అంచుకు రెండు వేళ్లు తక్కువ నింపండి. మీది బాక్సు కింది బాక్సు అంచుల మీద కూసోవాలె గని కాయల మీద కాదు.

ఇంకో సంగతి. శేఠ్ ఈ మాట బావకు ఎన్నడో చెప్పిండట, అంచు దాటనియ్యొద్దని. బావను నిలదీసిన. నేల చూస్కుంట అన్నడు, "మా అవ్వకు తక్కువ నింపుమని నేనెట్ల చెప్పాలె?"

శేఠ్ నాతోని ఆఖరికి చెప్పింది ఇది. ఇంకొక్క బండి చూస్త, అది గూడ ఇట్లనే వస్తే గుట్ట మాల్ తీసుకోను అన్నడు. ఆయన దగ్గర కొనెటోళ్లు వేరే అడ్తికి పోతున్నరట. అరవలేదు, కసరలేదు. మన మీద జాలితోని ఇన్ని దినాలు తీసుకున్నడని నాకు అప్పుడు సమజైంది. వచ్చేటప్పుడు ఆయన చాయ్ తాగే వచ్చిన.

ఒక్క బండే అత్తా. మంచిగ ఆలోచించు.

ఉజ్వల


జివతి
19 జనవరి 2025, ఆదివారం

ఉజ్వలకు,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నా ఇంటి ముంగట ఆడోళ్లందరున్నరు. చంద్రపూర్ నుంచి ఏం రాసిందో చదువు చదువు అన్నరు. నేను చేతులు కడుక్కొచ్చేలోపల బాలమ్మ మనవడు గట్టిగ చదివిండు. గొప్ప చూపిచ్చుకునుడు అన్న కాడ వాడు ఆగి నా మొఖం చూసిండు. ఆగకు, చదువు అన్నది బాలమ్మ. మొత్తం విన్నంక ఒక్క మాటే అడిగింది నన్ను. "ఇది నీ కోడలు పిల్లనా, శేఠ్ గుమస్తనా?"

వినాయక్ నాకు చెప్పకపోవుడు వాని తప్పు కాదు. తక్కువ నింపుమని వాడు చెప్తే వాని వీపు పగిలేది. ఆ సంగతి వానికి తెలుసు.

శిగ అంటే ఏందో నీకు ఎవ్వరు చెప్పలేదనుకుంట. మీ నాయిన చిన్నప్పుడే బొగ్గుబాయికి పోయిండు, చూసి ఉండడు. నేను చూసిన. ఈ గుట్టకు రాకముందు మేమున్న ఊర్ల, అవతల ఆదిలాబాద్ దిక్కు, దొరల కల్లంల కూలోళ్లకు జొన్నలు కొలిస్తే కుంచం మీద కర్ర పెట్టి గీసేటోళ్లు. అంచు మీద ఒక్క గింజ నిలువనిచ్చేటోళ్లు కాదు. ఆ కర్ర పట్టుకున్న మనిషి కల్లంలకొస్తే పిల్లలు గూడ మాట్లాడేటోళ్లు కాదు. మా నాయిన రాజలింగు ఆ గీసిన కుంచం కూలి తిని పెరిగిండు. తర్వాత గుట్ట మీద ఈ భూమి చేసుకున్నంక, మొదటి పంటకు కూలోళ్లను పిలిచి, కుంచం నింపి, దోసిట్లకెత్తి మీద పోసిండు. గింజలు జారి కింద పడేదాంక పోసిండు. మా కల్లంల గీసే కర్ర ఉండది, చూడండి అన్నడు. నేను పిల్లను, పక్కన నిలవడ్డ. ఆ దినం మా నాయిన మొఖం నేనింక మర్చిపోలేదు.

అదే ఈ గుట్ట మీద అందరం నేర్చుకున్నం. ఇచ్చేది ఎవ్వరికైనా గాని, పాలైనా పప్పైనా, అంచు దాటాలె. నువ్వేమో రెండు వేళ్లు తక్కువ నింపుమంటవ్. బాక్సు ధర తీసుకొని, ఖాళీ జాగ అమ్ముమంటవ్. మా చేతులకు దొర కర్ర ఇస్తున్నవ్ నువ్వు.

అందుకే రేపటి బండిల టమాట పంపుతలేం. వినాయక్ కంది సంచులు తెస్తుండు. శేఠ్‌కు చెప్పు, ఆయన ఆఖరి బండి ఆయన దగ్గరనే పెట్టుకొమ్మని. కాయలు చెట్లకే పండుతున్నయి. బాలమ్మ నాగలి కట్టి దున్నుత అంటుంది. వచ్చే యేడు అందరం పత్తే పెడ్తం అంటున్రు.

పచ్చిమిరప తొక్కు పంపుతున్న. మీ అమ్మకు ఇయ్యి.

లస్మవ్వ


చంద్రపూర్
20 జనవరి 2025, సోమవారం

అత్తా, నీ కాళ్లు మొక్కుత, బాలమ్మను నాగలి కట్టనియ్యకు. ఈ ఉత్తరం విన్నంక ఏమన్న చేసుకొమ్మను.

తాత సంగతి చదివిన. నాయినకు చదివి వినిపిచ్చిన. ఆయన కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు, మళ్ల చదువుమన్నడు. ఇన్ని కరపత్రాలు చదివిన అత్తా, దోపిడి మీద పేజీలు పేజీలు చదివిన. గని ఒక మనిషి దోసిట్లకెత్తి గింజలు జారిపడేదాంక పోసిండు అన్న ముచ్చట ఒక్కదాంట్ల లేదు. అసొంటి తాతకు మనవరాలినని ఇప్పుడు మండిల తలెత్తుకొని నడుస్తున్న. మీరు ఇన్నేండ్లు ఆ చెయ్యిని అట్లనే నిలబెట్టుకున్నరంటే, మిమ్ములను చూసి గొప్ప చూపిచ్చుకుంటున్నరని రాసిన నా రాతను ఏమనాలె. కోపంల రాసిన. మాట మాత్రం వాపస్ తీసుకోను, దాన్ని సరిగ చెప్త.

తాత పోసిన శిగ ఎటువోయింది? కూలోళ్ల కొంగులకు పోయింది. అక్కడ్నించి సీదా ఇంటికి, రోటికి, కడుపులకు. దాని మీద ఎవ్వడన్న ఇంకో కుంచం తెచ్చి పెట్టిండా? పెట్టి గుట్ట దిగేదాంక ఎగరేసిండా? మీ శిగ మీద ఇప్పుడు మీది బాక్సు కూసుంటుంది. దాని అడుగు జాలీ చూసిన నేను, కర్ర గీసినట్టే గీస్తది అత్తా. నువ్వు పోసిన శిగను తొవ్వల ఆ బాక్సు తలగొట్టి పారేస్తుంది. దొర కర్ర నేను ఇస్తలేను. అది మీ బండ్లనే ఉన్నది, మీరు తాడు బిగిచ్చి మరీ పెడుతున్నరు.

శేఠ్‌కు ఖాళీ జాగ అమ్ముతలేం. ఆయన్నే అడిగిన. అంచుకు రెండు వేళ్లు కిందికి నింపిన బాక్సే మండిల అందరి బాక్సు. వరోరా నుంచి వచ్చెటోళ్లు గట్లనే తెస్తరు, ధర గూడ దానికే. మీరు పోసే శిగకు ఆయన ధర కట్టలేదు, అడగలేదు. అది ఎవ్వరికి అందలేదు, ఆవులకు తప్ప.

నా మాట నమ్ముమనను. నువ్వే చేసి చూడు. రెండు బాక్సులు తీసుకో, ఒకదాన్ని నీ తీరుగ నింపు, ఇంకోదాన్ని నా తీరుగ నింపు. రెండిటి మీద బరువు పెట్టి బావను ఆ తొవ్వ మీద తిప్పుమను. వచ్చినంక బాలమ్మ చేతులతోనే తెరిపియ్యి.

తొక్కు అయిపోయింది. అమ్మకు సగమే దొరికింది.

ఉజ్వల


జివతి
22 జనవరి 2025, బుధవారం

ఉజ్వలకు,

సోమవారం దాంక ఆగలేక బస్సు కండక్టర్ చేతికిస్తున్న ఈ ఉత్తరం. నీ దగ్గర ఛార్జీ అడుగుతడేమో, ఇయ్యకు, మా ఇంట్ల అంబలి తాగిండు.

నిన్న చేసినం నువ్వు చెప్పింది. బాలమ్మ తన బాక్సు శిగ పోసి నింపింది, నేను నాది రెండు వేళ్లు దించి నింపిన. దించేటప్పుడు ఎవ్వరన్న చూస్తున్నరా అని గుమ్మం దిక్కు చూసిన. రెండిటి మీద కంది సంచులు పెట్టినం. వినాయక్ జివతి అంగడి దాంక పోయి మళ్లొచ్చిండు. గుంతలు తప్పిచ్చి తప్పిచ్చి నడుపుమని బాలమ్మ వానికి చాటుగ చెప్పిందట. గుంతలు తప్పిస్తే తొవ్వ ఏడుంటది?

తెరిసినం. నువ్వు రాసినట్టే ఉన్నది. నాది ఒక్క కాయ చెదరలేదు, బాలమ్మది పచ్చడి. ఆమె ఊకుంటదా, నువ్వు గట్టి కాయలు ఏరి పెట్టుకున్నవ్ అన్నది. సరే, నువ్వే దించి నింపు అన్న. నింపింది. వినాయక్ మళ్ల పోయిండు, మళ్లొచ్చిండు, రెండు పూటల తిండి నా దగ్గరనే తిన్నడు. తెరిస్తే ఆమెది గూడ చెదరలేదు. బాలమ్మ చాలాసేపు ఆ కాయలను ఒక్కొక్కటి చేతిలకు తీసుకొని చూసింది. అందరు నవ్వుదామని కాసుకొని ఉన్నరు గని ఎవ్వరు నవ్వలేదు.

"అంచు దాంకనే నింపితే, మరి శిగ ఎటువోవాలె?" అని అడిగింది.

నీ ఉత్తరం మళ్ల తీసి చూసిన. ఆ సంగతి అందుల లేదు బిడ్డా. పాడు గాకుంట ఎట్ల పంపాలెనో రాసినవ్ గని మేం పోసే ఆ దోసెడు ఎటువోవాలెనో రాయలేదు. అది ఇంట్ల మిగిలితే మాకు తిండి అరగది. పొద్దువోయేదాంక మాట్లాడుకున్నం. ఆఖరికి బాలమ్మనే అన్నది, మీ నాయిన రాజలింగు శిగ పోసింది కొనెటోనికి కాదు గద, కూలోళ్లకు గద అని. మాల్ దించే హమాలీలు ఉన్నరు గద అన్నది.

అందుకని ఇట్ల అనుకున్నం. ఒక్కొక్కరం మా బాక్సు మీద పోసే దోసెడు దోసెడు తెచ్చి ఒక్క బాక్సుల పోస్తం. దాన్ని బండిల అన్నిటికంటే మీద పెడ్తం, దాని మీద ఇంకేది పెట్టం. గోనె గూడ కప్పం. ఎంత శిగ నిలిస్తే అంత పోస్తం. అది దించినోళ్లది. శేఠ్‌కు అందుల పాలు లేదు.

గని అందరు ఒప్పుకోలేదు. బాలమ్మ, నేను, ఇంకో ఇద్దరు మాత్రం ఒప్పుకున్నం. మిగిలినోళ్లు, మాకు గొప్ప అన్నది ఆ పిల్లనే, వచ్చి మా మొఖం మీద చెప్పుమను, మా ముంగట నింపుమను, అప్పుడు చూస్తం అంటున్రు. ఆదివారం బండి నింపాలె. నలుగురి బాక్సులు మంచిగుండి మిగిలినోళ్లయి నలిగితే శేఠ్‌కు అన్నీ గుట్ట మాలే గద. చెట్ల కింద కాయలు రాలుతున్నయి, నడుస్తుంటే కాళ్లకు తగులుతున్నయి.

మా నాయిన ఉంటే నిన్ను భుజాల మీద ఎక్కిచ్చుకునేటోడు. నీ బరువు చూసి దించేటోడు, అది వేరే సంగతి.

నీ అత్త
లస్మవ్వ


చంద్రపూర్
23 జనవరి 2025, గురువారం

అత్తా, ఇది గూడ బస్సు కండక్టర్ చేతికే ఇస్తున్న, గని నీకు రాసింది కాదు. ఆడోళ్లందరిని పిలిచి చదువు. బాలమ్మ మనవనితోని చదివియ్యి, వాడు గట్టిగ చదువుతడు, ఈసారి ఆగే పని పడది.

గుట్ట మీది అమ్మలకు, అక్కలకు, బాలమ్మకు,

మీ ముంగట నిలవడి చెప్పుమన్నరు. వస్తున్న. శనివారం బస్సుకు నాయిన, నేను ఇద్దరం వస్తున్నం. ఆయన చెల్లె ఇంటికి రాక చాలా రోజులైంది, మోకాలు నొప్పి ఉన్నా వస్త అంటుండు. నన్ను తిట్టాలనుకున్నోళ్లు శనివారం రాత్రే తిట్టండి, ఆదివారం పొద్దున మనకు పనుంటది.

నేను కరపత్రాలు చదివి పెరిగినదాన్ని. ఇన్ని దినాలు నాకు తిండి పాడైతే ఎవరినో ఒకరిని పట్టుకొని అరుసుడే తెలుసు. చేనుకు కంచానికి నడుమ దొంగ కూసున్నడు అనుకున్న. అక్కడ తొవ్వ ఉన్నది, బండి ఉన్నది, బాక్సు అడుగు జాలీ ఉన్నది, మనసు మంచిదై ఎక్కువ పోసే చెయ్యి గూడ ఉన్నది. మీరు ఒక్క దినంల మీ చేతినే పరీక్షకు పెట్టిన్రు. బాలమ్మ తన బాక్సు తెరిసి, అది పచ్చడైందని అందరి ముంగట చూసి, మళ్ల నింపింది. సభలల్ల పెద్ద పెద్ద నాయకులను చూసిన నేను. తన మాట తప్పని తేలినంక మళ్ల బాక్సు నింపినోళ్లను చూడలేదు. ఈ దేశంల ఎన్ని గుట్టల మీద, ఎన్ని బండ్లల్ల ఇట్లనే నలుగుతుందో. ఆడోళ్లు ఇట్ల కూసొని మాట్లాడుకుంటే సగం ఆగుతది. నేను రాసే కరపత్రంల మొదటి మాట ఇదే పెడ్త.

ఇయ్యాల మండికి పోయి మీరు పంపే శిగ బాక్సు సంగతి హమాలీలకు చెప్పిన. పోశంది కరీంనగర్ దిక్కు ఊరట. శిగ అన్న మాట వినంగనే మూట దించి నిలవడ్డడు. మా అవ్వ ఈ మాట అనేది బిడ్డా, ఈ మండిల మాకు ఎవ్వరు పోస్తరనుకోలేదు అన్నడు. సోమవారం మీ బండి ఆయనే దించుతడట, ఇంకొకర్ని ముట్టనియ్యడట. ఓంప్రకాష్ శేఠ్‌కు గూడ చెప్పిన. అందుల నీకు పాలు లేదు అన్న. నవ్విండు. పోశం దగ్గర ఒక్క కాయ అడుక్కుంట అన్నడు. మంచి బండి వస్తే ప్రతి సోమవారం గుట్ట మాల్‌కు ముందు జాగ ఇస్త అన్నడు. రాకపోతే ఆయన మాట ఆయనకున్నది, నేను బతిలాడను.

ఇగ పని మాట. బండిల అన్నిటి బరువు అట్టడుగు బాక్సు మీద పడ్తది. అది ఎవరిది ఉండాలెనని మీరు కొట్లాడుకోవద్దు. అది నేను నింపుత. మీ అందరి ముంగట, మీ కాయలతోని, రెండు వేళ్లు దించి, నా చేతులతోని నింపుత. అడుగున అదే పెట్టండి, దాని మీద మీ అందరి బాక్సులు పెట్టండి. నేను ఆ బండ్లనే బావ పక్కన కూసొని మండికి వస్త. బండి దించినంక పోశం ముంగట, శేఠ్ ముంగట మొదలు అదే తెరుస్త. అది నలిగితే నా మాట నలిగినట్టు. అప్పుడు నాగలి కట్టేటందుకు నేనే వస్త, కాడి పట్టుకుంట.

ఆదివారం రెండు బడులల్ల జెండా పండుగ ఉన్నది. పిల్లలు బడికి పోకముందే మన పని కావాలె. చీకటి విడువంగ కాయలు తెంపుదం. దెబ్బ తగిలినయి వేరే పెడదం, ఆ దినం జెండా ఎగిరినంక రెండు బడుల పిల్లలకు ఆ టమాటలతోనే పప్పు వండుదం. ఒక్కటి గూడ గోడ కిందికి పోవద్దు.

ఒక్కొక్కరు మీ బాక్సు, మీ ఎర్రపేలిక తెచ్చుకోండి. శిగకు ఒక దోసెడు వేరేగ పట్టుకరండి. ఒప్పుకున్నోళ్లు రండి, ఒప్పుకోనోళ్లు తప్పకుంట రండి. ఆదివారం పొద్దున ఆరు గంటలకు, లస్మవ్వ ఇంటి ముంగట, బండి దగ్గర కలుసుకుందం.

మీ పిల్ల
ఉజ్వల